మామయ్య దిగనన్నారు

మా ఇంట్లో నన్ను వద్దన్న పని ఏదైనా ఉందంటే అది అప్పటికే సగం అయిపోయినట్టే. దీన్ని మా అమ్మ మొండితనం అంటుంది, మా ఆయన తలనొప్పి అంటాడు. పెళ్ళైన కొత్తలో అత్తయ్య, "ఆ అలమర పై అర జోలికి మాత్రం పోకమ్మాయ్," అంది. సాయంత్రానికల్లా ఆ అర దులిపి, తుడిచి, కొత్త కాగితాలు పరిచి పెట్టాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "సరే, నాకు తగ్గదే దొరికింది," అని ఊరుకుంది. అప్పట్నుంచీ మా ఇద్దరికీ క్షణం పడదు, ఒకళ్ళు ఇంట్లో లేకపోతే ఇంకొకళ్ళకి పొద్దుపోదు.

అందుకే ఆ వేసవిలో పడవ సంగతి వచ్చినప్పుడు మా ఆయన నాతో, "నువ్విందులో తలదూర్చకు," అనకుండా ఉండాల్సింది.

పడవ మామయ్యది. తెరచాప పడవ, మొత్తం చెక్కది, మా ఆయన కంటే వయసులో పెద్దది. మామయ్య రేవులో లాంచీ నడిపేవారు. వారమంతా ఇంజను మోత వినీ వినీ, సెలవు రోజునైనా చప్పుడు లేని పడవ ఎక్కాలనిపించి, ఎవరో వదిలించుకుంటున్న దాన్ని తెచ్చుకున్నారట. ఇక ఆదివారాలన్నీ దానికే. అత్తయ్య ఆ పడవని పడవ అనేది కాదు, 'నా సవతి' అనేది. "నా సవతికి ఏడాదికోసారి రంగులు పడేవి. నా వంటింటి గోడకి మాత్రం తీరిక దొరికేది కాదు," అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేది.

ముందటి ఏడు మామయ్యకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. కుడి కాలు ఈడ్చుకుంటూ నడిచేవారు. మాట గొంతులో ఎక్కడో చిక్కుకునేది, బయటికి రావడానికి చాలాసేపు పట్టేది. అది వచ్చేలోపు ఇంట్లోవాళ్ళు అందించేసేవారు. మంచినీళ్ళా? ఫ్యానా? పడుకుంటారా? కొన్నాళ్ళకి ఆయన మాట్లాడడమే మానేశారు. పొద్దున లేపి కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెడితే రాత్రి దాకా అందులోనే. ఆయన ఎదురుగానే ఆయన గురించి, తిన్నారనీ తినలేదనీ, మాట్లాడుకోవడం అలవాటైపోయింది. ఇంట్లో అలమర ఉంది, ఫ్రిజ్ ఉంది, మామయ్య ఉన్నారు. నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజు మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, కంచం ముందు కూర్చుంటూ చెప్పాడు. "మన పడవ పెట్టిన యార్డు మేనేజరు ఫోన్ చేశాడు. పాత పడవలన్నీ తీసేస్తున్నారట. వానల్లోపు నీళ్ళలోకి దింపితే, తేలినవాటికి జెట్టీలో చోటిస్తారు. తేలనివి కోసేస్తారు. మనది కోసేయమని చెప్పేశాను."

"పీడా పోయింది," అంది అత్తయ్య. ఆ అనడంలో రోజూ ఉండే ఊపు లేదు.

"మామయ్యని అడిగారా?" అన్నాను.

"ఆయనేం చెప్తారు?"

"అడిగితే కదా తెలిసేది."

"ఏడాది పైగా ఎండలో ఎండుతోంది. ఇటు నిలబడితే అటు వైపు కనిపిస్తోందట. నువ్విందులో తలదూర్చకు."

మా ఆయన మంచివాడే. కాకపోతే నోటీసుబోర్డు కనిపిస్తే ఆగి చివరి అక్షరం దాకా చదివే మనిషి. గడ్డి మీద నడవరాదు అని రాసుంటే గడ్డి లేని చోట కూడా నడవడు. మునిసిపాలిటీలో గుమాస్తా పని ఆయన కోసమే పుట్టింది. వానల్లోపు అని ఎవరో అన్నారంటే ఆయనకి అది అయిపోయిన సంగతి.

నేను చెయ్యి కడుక్కుని వెళ్ళి మామయ్య కుర్చీ ముందు చతికిలబడ్డాను. "మామయ్యా, పడవ కోసేస్తారట. కోసేయమంటారా?"

చాలాసేపు పట్టింది. ఆయన మెడ నరం బిగిసింది, పెదవి ఓ పక్కకి లాక్కుపోయింది. అత్తయ్య వెనకనుంచి, "ఎందుకే ఆయన్ని రాపాడిస్తావు," అంటూనే ఉంది. నేను కదల్లేదు.

"వ... ద్దు," అన్నారు మామయ్య.

నెలల తరవాత, ఎవరూ అందించకుండా ఆయన అన్న మాట అది. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఆ మనిషి ఏడాదిగా మమ్మల్ని అడిగింది ఇదొక్కటే, ఇది కూడా కాదంటే ఆయన ఆ కుర్చీలోంచి ఇక లేవరని నాకు గట్టిగా అనిపించింది.

"విన్నారుగా," అన్నాను మా ఆయనతో.

"వద్దంటే మటుకు? ఎవరు బాగుచేస్తారు దాన్ని?"

"నేను."

అత్తయ్య పగలబడి నవ్వింది. "నువ్వా? చీపురు ఊడిపోతే కట్టుకోవడం రాదు."

"రోజూ పళ్ళు బాగుచేయట్లా?"

నేను పళ్ళ డాక్టరమ్మ దగ్గర పనిచేస్తాను. పన్ను తొలిచేది ఆవిడే అయినా, గుంతలో నింపే ముద్ద కలిపేది నేను, పనిముట్లు అందించేది నేను, నోరు మూయకుండా పట్టుకునేది నేను. పుచ్చు తీసి, శుభ్రం చేసి, సందు పూడ్చడమే కదా, పన్నయితేనేం పడవయితేనేం అనుకున్నాను. ఆ అనుకోవడమే తరవాత నా కొంప ముంచబోయింది.

*

క్లినిక్ పొద్దుటి పూటే. మధ్యాహ్నాలు మామయ్యని తీసుకుని బస్సెక్కేదాన్ని. యార్డు వెనక గోడ పక్కన, ఇనప స్టాండ్ల మీద ఉంది పడవ. రంగు పొరలు పొరలుగా లేచిపోయింది. చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లోంచి నిజంగానే అటు వైపు గోడ కనిపిస్తోంది. లోపల ఓ పిల్లి పిల్లల్ని పెట్టింది.

"ముందు అద్దెకున్నవాళ్ళని ఖాళీ చేయించుకోండి మేడం," అన్నాడు యార్డు మేనేజరు. చెడ్డవాడేం కాదు, పనిలో పడి ఊపిరాడని మనిషి. "ఒకటే మాట చెప్తున్నాను. మీ పడవకి నా క్రేన్ ఒక్కసారి వస్తుంది. దింపుతాను. తేలితే మీ అదృష్టం. నీళ్ళు పట్టిందంటే అక్కడికక్కడే ఎత్తి రంపం దగ్గరికి. జెట్టీ పక్కన మునగనిచ్చానంటే నా ఉద్యోగం పోతుంది."

మామయ్య ఆయన మాట వింటున్నట్టు లేరు. ఎడమ అరచెయ్యి పడవ పక్కకి ఆనించి నిలబడ్డారు. ఎంతసేపైనా తియ్యలేదు. నేను పిల్లి సంసారాన్ని అట్టపెట్టెలోకి మార్చి గోడ నీడలో పెట్టాను. తల్లిపిల్లి నన్ను రెండుచోట్ల రక్కింది.

గోకడం నా పని, చెప్పడం ఆయన పని. నీలం రంగు కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు. గోకీ గోకీ నా భుజాలు పట్టేసేవి, రంగు పొడి ముక్కులో చేరి క్లినిక్‌లో తుమ్ములే తుమ్ములు. డాక్టరమ్మ అరిగిపోయిన పనిముట్లన్నీ ఒక డబ్బాలో వేసి ఇచ్చేసింది. వాటిలో పుచ్చు చూసే సన్న ముల్లు నాకు బాగా పనికొచ్చింది. చెక్క మీద గుచ్చితే గట్టిగా ఆగితే మంచి చెక్క, మెత్తగా దిగితే పుచ్చు. మామయ్యకి ఆ ముల్లు అక్కర్లేదు. వేలి కణుపుతో కొట్టి, చప్పుడు విని, సుద్దముక్కతో గీత గీసేవారు. ఆ గీత మేర కోసి కొత్త చెక్క వెయ్యాలి. నేను కోసిన మొదటి ముక్క పొట్టిదైంది, రెండోది వంకరైంది. మూడోది కూర్చుంది.

"కా... దు" అన్నది ఆ రోజుల్లో ఆయన నాతో ఎక్కువగా అన్న మాట. తరవాత "ఉలి" వచ్చింది. "ఇటు" వచ్చింది. "మెల్లి" వచ్చింది. ఇంట్లో రాని మాటలు ఇక్కడెలా వస్తున్నాయా అని బస్సులో కూర్చుని ఆలోచించాను. తీరా చూస్తే సంగతి చిన్నది. యార్డులో ఆయన మాట నేను అందించలేను. ఆయనకి ఏ పనిముట్టు కావాలో, ఏ చెక్క గురించి చెప్తున్నారో నాకు తెలిస్తే కదా. నోరు మూసుకుని ఆయన చెప్పేదాకా ఆగాల్సిందే. ఆగితే వచ్చేది.

అంతా సవ్యంగా నడుస్తోంది అనుకుంటుండగా మామయ్యకి జ్వరం తగిలింది. ఓ వారం ఇంట్లోనే పడుకున్నారు. సందులు పూడ్చడమే మిగిలింది. ఆయన కోలుకునేసరికి చూపించి ఆశ్చర్యపరచాలని నాకు బుద్ధి పుట్టింది. హార్డువేర్ షాపులో అడిగితే, రెండు ట్యూబులు కలిపి పెడితే రాయిలా గట్టిపడే ముద్ద ఇచ్చాడు. నాకు తెలిసిన విద్యే. కలిపాను, సందు సందుకీ నింపాను, ఆరాక శాండ్ పేపర్‌తో రుద్దాను. చెయ్యి వేస్తే ఎక్కడ చెక్కో ఎక్కడ సందో తెలియనంత నున్నగా వచ్చింది. మా డాక్టరమ్మ చూస్తే జీతం పెంచేది.

మామయ్యని తీసుకెళ్ళి నిలబెట్టాను. ఆయన పడవ పొడుగునా వేళ్ళు పెట్టి నడిచారు. ఒకచోట ఆగి గోరు గుచ్చారు. దిగలేదు. ఇంకోచోట గుచ్చారు. మొహం ఎర్రబడింది. చేతికర్ర ఎత్తి పడవ పక్కన ఒక్కటేశారు.

"కాదు. కాదు. కాదు."

"ఏం కాదు మామయ్యా? చెప్పండి."

ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. ఆగాను. ఎంత ఆగినా రాలేదు. ఆయన పడవ వంక చూస్తూ ఏడ్చారు. నాకు జాలి వెయ్యలేదు, కోపమే వచ్చింది. వారం రోజుల ఎండ నా నెత్తి మీద ఉంది, చేతుల నిండా బొబ్బలున్నాయి. బస్సులో ఇద్దరం చెరో కిటికీ వంక చూస్తూ వచ్చాం.

"ఇంక నా వల్ల కాదు," అన్నాను ఇంట్లో అడుగుపెడుతూనే.

"నేను ముందే చెప్పాను," అన్నాడు మా ఆయన.

ఆ ఒక్క మాట అనకుండా ఉంటే నేను నిజంగానే మానేసేదాన్ని.

*

మర్నాడు వంటింట్లో పెద్ద చప్పుడైంది. వెళ్ళి చూస్తే మామయ్య. ఆ వంటింట్లోకి ఆయన అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో. నేల మీదంతా ఎండు బఠాణీలు. ఆయన గోడకి ఒరిగి, ఎడం చేత్తో గుప్పెళ్ళు గుప్పెళ్ళుగా ఒక జామ్ సీసాలో బఠాణీలు పోస్తున్నారు.

"ఏమైంది మీకు? ఆకలేస్తోందా?" అంటూ అత్తయ్య సీసా లాక్కోబోయింది. ఆయన ఇవ్వలేదు. నిండా కుక్కారు. కొళాయి కింద పెట్టి నీళ్ళు పట్టారు. మూత బిగించడం ఒంటి చేత్తో కాలేదు. అప్పుడు సీసా అత్తయ్యకి చాచారు.

అత్తయ్య ఆయన మొహం వంక చూసింది. మూత బిగించింది. మామయ్య దాన్ని తీసుకుని కిటికీలో పెట్టి, నావైపు వేలు చూపించి, సీసావైపు చూపించారు.

తెల్లారేసరికి సీసా నిలువునా పగిలి ఉంది. నానిన బఠాణీలు గాజు ముక్కల్ని నెట్టుకుని బయటికొచ్చాయి. నేను బుర్ర గోక్కుంటూ నిలబడ్డాను. అర్థమైంది ముందు అత్తయ్యకే.

"ఓసి పిచ్చిదానా," అంది. "ఎండిన చెక్క కదే అది. నీళ్ళలో దింపాక ఇదిగో ఇలా ఉబ్బుతుంది. ఉబ్బి సందులు దానంతటవే మూసుకుంటాయి. నువ్వు ఆ సందుల్లో రాళ్ళు పోసి కూర్చున్నావు. చెక్క ఎటు జరుగుతుంది? లోపల పక్కటెముకల్లా ఉన్న కర్రల్ని విరిచేస్తుంది."

"మీకెలా తెలుసు?"

"పెళ్ళైన నాటినుంచీ ఈ గోలేగా నా చెవిలో. సందులో నూలు పోగులు కుక్కాలి, పైన మెత్తటి లప్పం పెట్టాలి. దింపగానే కారుతుంది. కారనివ్వాలి. కడుపునిండా తాగేదాకా ఈయన దాంట్లోనే కూర్చుని తోడేవారు. ఇంటికి కబురుండదు, కాకరకాయ ఉండదు." అత్తయ్య గాజు పెంకులు ఏరుతూ ఆగింది. "ఓసారి నేనూ తోడాలే."

మామయ్య నవ్వారు. సగం మొహమే నవ్వింది, కానీ అది నవ్వే. నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని, "తప్పయింది మామయ్యా, పదండి తవ్వుదాం," అన్నాను.

నింపడానికి వారం పట్టిన దాన్ని తవ్వడానికి నెల పట్టింది. పళ్ళ డాక్టరు పనిముట్లు ఒక్కొక్కటే విరిగాయి. రాయిలాంటి ఆ ముద్దని సందు అంచు చెక్క లేవకుండా తియ్యాలి. నా పనితనం అంత గొప్పగా ఉన్నందుకు నన్ను నేను తిట్టుకోని రోజు లేదు. ఆకాశంలో అక్కడక్కడా మబ్బులు కనిపించడం మొదలైంది. మేనేజరు అటుగా వెళ్తూ ఆగి, "పెట్టిందే మీరు, తీసేదీ మీరే. బాగుంది మేడం, పని ఉన్నట్టు ఉంటుంది," అన్నాడు.

"మీ క్రేన్ సంగతి మీరు చూసుకోండి," అన్నాను.

ఓ మధ్యాహ్నం అత్తయ్య కూడా బస్సెక్కింది. "సాయం చేద్దామని కాదు. నా సవతి మొహం ఎలా ఉందో చూసొద్దామని," అంది. చూసింది. చుట్టూ తిరిగింది. ఎరుపు రంగు కాస్త మిగిలిన చోట ఆగి, "ఇది మనవాడు పుట్టిన ఏడు వేసింది," అంది మామయ్యతో. తరవాత ముక్కాలి పీట వేసుకుని కూర్చుని, నూలు పోగులు పేనడం మొదలుపెట్టింది. ఆవిడ పేనేది, నేను సందులో పెట్టి చెక్కసుత్తితో తట్టేదాన్ని, మామయ్య చెవి ఆనించి వినేవారు. బిగుసుకుంటే ఒక చప్పుడు, వదులైతే ఒక చప్పుడు. మరీ బిగిస్తే "మెల్లి" అనేవారు. లప్పం మాత్రం ఆయనే పెట్టారు, ఎడం చేత్తో. వంకర టింకరగా ఉంది. దాన్ని సరిచెయ్యడానికి నాకు చెయ్యి రాలేదు.

తెరచాప ఇంటికి తెచ్చి అతుకులు వేశాం. ముందు గదంతా అదే పరుచుకుంది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి గోడ పట్టుకుని, కాళ్ళు ఎత్తెత్తి వేస్తూ నడిచేవాడు. "దీనికీ ఒక బోర్డు పెట్టండి, నడవరాదని," అని విసుక్కున్నాడు. అంతకుమించి ఏం అనలేదు. ఒకరోజు నేను వంటింట్లోంచి చూస్తే, మనిషి వంగి అతుకు మీద వేలు పెట్టి లాగి చూస్తున్నాడు. నన్ను చూసి చటుక్కున లేచి నిలబడ్డాడు.

*

క్రేన్ వచ్చిన రోజు ఆకాశం నల్లగా కమ్ముకునుంది. మా ఆయన సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు. సాయానికి కాదు, అంతా అయిపోయాక మమ్మల్ని ఇంటికి తీసుకెళ్ళడానికి. ఆ మాట ఆయన అనలేదు గానీ మొహం మీద రాసే ఉంది.

బెల్టులు కట్టి పడవని గాల్లోకి లేపారు. కొత్త నీలం రంగులో అది కాసేపు ఊగింది. నీళ్ళ మీద దించారు. బెల్టులు అడుగునే ఉంచారు. మామయ్య జెట్టీ మెట్టు మీదనుంచి ఎడం చెయ్యి నా భుజం మీద వేసి ఎక్కి, చుక్కాని దగ్గర కూర్చున్నారు. నేనూ ఎక్కాను.

కూర్చున్నామో లేదో అన్ని సందుల్లోంచీ నీళ్ళు మొదలయ్యాయి. వస్తుందని తెలుసు. అంత వస్తుందని తెలియదు. చెప్పుల దాకా వచ్చింది, చీలమండ దాకా వచ్చింది. నేను బకెట్టుతో తోడుతున్నాను, తోడిన దానికంటే వచ్చేదే ఎక్కువ.

"చాలు మేడం," అన్నాడు మేనేజరు జెట్టీ మీదనుంచి. "పెద్దాయన్ని దింపండి. ఎత్తేస్తాను."

"ఆగండి. చెక్క నీళ్ళు తాగుతోంది. రేపటికల్లా మూసుకుంటుంది."

"రేపటిదాకా నా క్రేన్ ఇక్కడే నిలబెట్టనా? వెనకాల ఎన్ని పడవలున్నాయో చూడండి. మునిగిపోతోందని కనిపిస్తూనే ఉందిగా. దింపండి ఆయన్ని."

నేను మామయ్య వంక చూశాను. నిజం చెప్తే నాకు భయం వేసింది. ఈదడం రాదు నాకు, ఆయనకి ఓ చెయ్యి ఆడదు. "మామయ్యా, దిగుదామా?" అన్నాను.

ఆయన చుక్కాని పిడి మీద ఎడం చెయ్యి వేశారు. నీళ్ళు ఆయన పిక్కల దాకా ఉన్నాయి.

"ది... గను."

"ఏమంటారు?" అన్నాడు మేనేజరు.

"దిగనన్నారు," అన్నాను. భయం పోలేదు, కానీ నడుం నిలబెట్టాను. "నేనూ దిగను."

మేనేజరు మా ఆయన వైపు తిరిగాడు. "సార్, చదువుకున్నవారు, మీరైనా చెప్పండి."

మా ఆయన చెప్పలేదు. క్రేన్ కాలికి కట్టిన బోర్డు చదువుతున్నాడు. మునిగిపోతుంటే ఈ మనిషికి బోర్డు కావాల్సొచ్చిందా అని నేను పళ్ళు నూరుకున్నాను. చివరిదాకా చదివి, ఆయన మేనేజరుతో మెల్లిగా అన్నాడు.

"మనుషులుండగా ఎత్తరాదు అని ఉంది."

"అందుకేగా సార్ దింపమంటున్నాను."

"మా నాన్న దిగనన్నారుగా."

"అయితే?"

"అయితే మీరు ఎత్తకూడదు."

అని, మా ఆయన ఆఫీసు బూట్లతోనే మెట్టు మీద కాలు పెట్టాడు. పడవ ఓ పక్కకి ఒరిగింది. బూట్లలోకి నీళ్ళు పోయాయి. ఆయన పట్టించుకోలేదు. చుక్కాని దగ్గరికి వెళ్ళి, ఏడాదిలో మొదటిసారి మామయ్య కళ్ళలోకి చూసి మాట్లాడాడు.

"నాన్నా, కొంచెం జరగండి."

మామయ్య జరిగారు.

జెట్టీ మీదనుంచి అత్తయ్య సంచీలోంచి పాలగిన్నె తీసి అందించింది. "దీంతో తోడరా, ఆ బకెట్టు మూలల్లోకి వెళ్ళదు. సవతే గానీ, నా కళ్ళ ముందు చావనిస్తానా," అంది. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక తోడుతూనే ఉన్నాను.

మేనేజరు బెల్టులు విప్పించాడు. ఆయనకి క్రేన్ కావాలి. "మునిగితే పూచీ మీది, నా ఉద్యోగం మీదికి రానివ్వకండి. పొద్దున్నే రంపం మనిషితో వస్తాను, మిగిలింది కోయించడానికి," అన్నాడు.

"రండి," అన్నాడు మా ఆయన. ఆయన నోటివెంట అంత పొగరు నేనెప్పుడూ వినలేదు. నాకు భలే నచ్చింది.

సాయంత్రానికి వాన కూడా అందుకుంది. కింది నుంచి కొంత, పై నుంచి కొంత. వెంట తెచ్చుకున్న తెరచాప మామయ్య మీద కప్పాం. వంతులు వేసుకుని తోడాం. చేతులు మొద్దుబారాక ఎవరి వంతో కూడా మరిచిపోయాం. అత్తయ్య కూడా ఎక్కింది. ఎవరు వద్దన్నా వినలేదు, మా ఇద్దరి గుణం ఒకటేనని ముందే చెప్పానుగా. ఒకసారి నీళ్ళు మోకాలిదాకా వచ్చి, ఇంక అయిపోయిందనుకున్నాను. మామయ్య నా చెయ్యి పట్టుకుని పక్కచెక్క మీద పెట్టించారు. సందు అంచులు దగ్గరికొచ్చాయి. లప్పం సన్నటి గీతలా పైకి తేలింది. నీళ్ళు ఇంకా వస్తున్నాయి, కానీ ఊరినట్టు వస్తున్నాయి. ఆ తరవాత వాన వెలిసింది. తోడిన చోట మళ్ళీ నిండడానికి ఎక్కువసేపు పట్టడం మొదలైంది.

తెలతెలవారుతుండగా మా ఆయన పాలగిన్నె అడుగుకి దించాడు. గిన్నె చెక్కకి గీరుకుంది. ఇంకోచోట దించాడు, అక్కడా గీరుకుంది. మేం నలుగురం కదలకుండా కూర్చుని అడుగు చెక్క వంక చూశాం. కాసేపయ్యాక మళ్ళీ చూశాం. తడిగా ఉంది, అంతే. మా ఆయన బూట్లు విప్పి నీళ్ళు వంపుకున్నాడు. అత్తయ్య మామయ్య తల తుడిచింది.

మేనేజరు అన్నమాట ప్రకారం రంపం మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. జెట్టీ మెట్ల మీద ఆగిపోయాడు. పడవ నీళ్ళ మీద మెల్లిగా ఊగుతోంది. ఆయన లోపలికి వంగి చూశాడు, మమ్మల్ని చూశాడు, మళ్ళీ లోపలికి చూశాడు.

మామయ్య చుక్కాని పట్టుకుని లేచి నిలబడ్డారు. పెదవి కదిలింది. మెడ నరం బిగిసింది.

"ఏంటి పెద్దాయనా, దిగుతారా? చెయ్యి అందించమంటారా?" అన్నాడు మేనేజరు.

"ఆగండి," అన్నాడు మా ఆయన. "మా నాన్న మాట్లాడుతున్నారు."

అందరం ఆగాం. ఎంతసేపైనా ఆగేవాళ్ళం. మామయ్య ముందు రంపం వంక చూశారు, తరవాత మేనేజరు వంక చూశారు.

"ఇప్పుడు," అన్నారు. ఊపిరి తీసుకున్నారు. "కొయ్యి."